ఏటా సంపద పన్నా, వారసత్వ పన్నా: ఏది నిలుస్తుంది?

కోటీశ్వరుల ఆస్తికి పగ్గం వేయాలంటే ఏటా పన్ను వేయడం మేలా, వాళ్లు పోయాక వారసుల దగ్గర వసూలు చేయడం మేలా అని పదేపదే అడుగుతున్నారు. అందరూ రేట్లు పోలుస్తున్నారు. చూడాల్సింది వేరే: తెచ్చిన ప్రభుత్వం దిగిపోయాక ఆ పన్ను బతుకుతుందా? మన దేశంలో రెండూ వచ్చాయి, రెండూ పోయాయి. మరణించినవారి ఆస్తిపై వేసే ఎస్టేట్ డ్యూటీ 1953 నుంచి 1985 దాకా, సంపద పన్ను 1957 నుంచి 2015 దాకా.

ఏటా వేసే పన్ను పాలకులకు ముద్దు, డబ్బు తమ హయాంలోనే చేతికొస్తుంది కనుక. చిక్కంతా మదింపు దగ్గర. స్టాక్ మార్కెట్‌లో లిస్టు కాని కుటుంబ కంపెనీలో వంద కోట్ల వాటా ఉందనుకోండి. 1 శాతమంటే ఏటా కోటి. డివిడెండు రాని ఏడు ఆ కోటి ఎక్కడిది? వాటా అమ్మాలి, లేదా ‘అది వంద కాదు, నలభయ్యే’ అని పేచీ పెట్టాలి. పైగా పేచీ ఏటా కొత్తగా మొదలు. ఏటా పేచీ పెట్టేవాళ్లు బడ్జెట్ ముందు మినహాయింపూ అడుగుతారు. 1993 నుంచి షేర్లు పన్ను పరిధి దాటేశాయి. నగలు, కార్లు, అదనపు ఇళ్లు, పట్టణ స్థలాల్లాంటివే మిగిలాయి. అసలు సంపద బయట, నగలపెట్టె లోపల! 2013-14లో దేశమంతటా వచ్చింది 1,008 కోట్లు. దాన్నెత్తేసి, కోటి దాటిన ఆదాయంపై 2 శాతం అదనపు సర్‌ఛార్జి తెచ్చారు. ఎక్కువగా సంపన్న దేశాలుండే ఓఈసీడీ కూటమిలోనూ 1990లో 12 చోట్ల ఉన్నది 2017కి 4 చోట్లే మిగిలింది. స్విట్జర్లాండ్‌లో నిలిచిందంటే, ఆ డబ్బు మీద కాంటన్లు (అక్కడి రాష్ట్రాలు), మునిసిపాలిటీలు నడుస్తున్నాయి మరి.

నా మొగ్గు వారసత్వ పన్ను వైపు. మదింపు తరానికి ఒక్కసారే. కానీ రాజకీయంగా గిట్టని బేరం: తిట్లు ఈ ఎన్నికలో, సంపద చెదరడం ఎవరో మరొకరి హయాంలో. 2024 లోక్‌సభ ఎన్నికల మధ్యలో అమెరికా పద్ధతి గురించి ఒక నాయకుడు నోరు విప్పగానే, అది మా మాట కాదని సొంత పార్టీయే తప్పుకుంది. ఆ అమెరికాలోనైతే 2001 చట్టం పన్నును ఏటా తగ్గించుకుంటూ 2010లో సున్నా చేసి, 2011లో పాత రేటుకు తిరిగి రావాలని రాసుకుంది. సెనేట్ బడ్జెట్ నిబంధన వల్ల పదేళ్లకు మించి కోత పెట్టలేక చేసిన ఏర్పాటది.

మన ఎస్టేట్ డ్యూటీ గరిష్ఠ రేటు 85 శాతం. చివర్లో వసూలు ఏడాదికి 20 కోట్ల ప్రాంతం. సాధారణంగా మరణానికి ముందు రెండేళ్లలో ఇచ్చిన దానాలనే లెక్కలోకి తీసుకునేవారు. ముందుచూపున్నవాడు అంతకంటే ముందే రాసిచ్చేస్తాడు. బ్రిటన్‌లో ఈ గడువు ఏడేళ్లు, రేటు 40 శాతం, భూమికి, వ్యాపారానికి పది వార్షిక వాయిదాలు. 1894 నుంచి పేర్లు మారుతూ సాగుతూనే ఉంది. ఐర్లాండ్ ఇంకాస్త తెలివైనది: ఇచ్చినవారిని వదిలి, 1991 డిసెంబరు నుంచి పుచ్చుకున్నవారికి ఒకే బంధుత్వ వర్గం నుంచి ముట్టినదంతా కూడి పరిమితి దాటితే పన్ను వేస్తుంది. పదిమందికి పంచితే పన్ను తగ్గుతుంది. మనకు కావాల్సిందీ ఆ పంపకమే కదా.

ఇక ఆదాయపు పన్ను రేటు పెంచడం: 1973-74లో 97.75 శాతం దాకా వెళ్లి చూశాం, పేరుకున్న ఆస్తిని అది తాకదు. భూపరిమితి పెడితే కుటుంబంలో పట్టాదారులు పెరుగుతారు, బినామీలూ పుడతారు. షేర్లకు గట్టు వేయడం దానికి రాదు.