జిప్సం బోర్డు గోడ: ఎక్కడ వేయొచ్చు, ఎక్కడ వద్దు

ఫ్లాట్‌లో హాలును విడదీసి చిన్న గది తీయాలంటే జిప్సం బోర్డు (రెండు కాగితాల మధ్య జిప్సం పోసి చేసిన పలక) మంచి సరుకే. నాలుగంగుళాల ఇటుక గోడ ప్లాస్టరింగ్‌తో కలిపి చదరపు మీటరుకు 200 కిలోలు దాటుతుంది, రెండువైపులా 12.5 మి.మీ. బోర్డు బిగించిన గోడ 25 కిలోలకు అటూఇటూ. స్లాబుకు భారం తక్కువ, క్యూరింగ్ (నీళ్లు కొట్టే) పనే లేదు.

గోడ గట్టిదనం మాత్రం లోపలి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) ఫ్రేములో ఉంటుంది. ఆ ఫ్రేములోని నిలువు కమ్మీలు, అంటే స్టడ్లు, రెండడుగులకొకటి ఉండాలి. మేస్త్రీ మూడడుగులు వదిలితే చెయ్యి పెట్టి నొక్కితేనే బోర్డు ఊగుతుంది. స్క్రూ తల బోర్డు మీది కాగితాన్ని చింపకుండా కాస్త లోపలికి దిగాలి. కాగితం చిరిగితే పట్టు పోయినట్టే, పక్కన ఇంకోటి వేయించండి. జాయింట్ల మీద పేపర్ టేపు లేకుండా వట్టి పుట్టీ పూస్తే నిలువునా పగులు గీత తేలుతుంది. ఈ పని దగ్గరుండి చేయించుకోవాల్సిందే.

బోర్డును నేలకు ఆనించొద్దు, 10 మి.మీ. సందు వదిలి స్కర్టింగ్‌తో (గోడ అడుగున వేసే పట్టీతో) కప్పాలి. రోజూ తడిగుడ్డ పెట్టే ఇళ్లలో కింది అంచు నీళ్లు పీల్చి ఉబ్బిపోతుంది. ఆకుపచ్చ బోర్డు చెమ్మను తట్టుకుంటుంది గానీ నేరుగా పడే నీటిని కాదు. షవర్ పక్కన, వాన కొట్టే బయటి గోడకు ఇటుకే వాడండి.

టీవీ, గీజర్ లాంటివి తగిలించే చోట బోర్డు మూయకముందే 18 మి.మీ. ప్లైవుడ్ ముక్కను స్టడ్లకు బిగించాలి. పడకగది అయితే మధ్యలో 50 మి.మీ. రాక్‌వుల్ (శబ్దాన్ని ఆపే రాతి ఉన్ని) నింపించండి, లేకపోతే పక్క గది మాటలన్నీ వినిపిస్తాయి.