టమాటా లేని కెచప్ పుట్టిల్లు వెతుక్కుంటూ: మనీలా, తాల్

తమ్ముడు ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాలో మెడిసిన్ చదువుతున్నాడు. వాడిని చూడాలని అమ్మ రెండేళ్ళుగా పోరుతోంది. 2025 జూన్ నుంచి మన పాస్‌పోర్టుకి అక్కడ 14 రోజులదాకా టూరిస్టు వీసా అక్కర్లేదని తెలిసిన రోజే టికెట్లు చూడ్డం మొదలుపెట్టా. హైదరాబాద్ నుంచి సింగపూర్ మీదుగా వెళ్ళాం. విమానం ఎక్కేముందు ఫిలిప్పీన్స్ ప్రభుత్వం వాళ్ళ ఈ-ట్రావెల్ సైటులో వివరాలు నింపి క్యూఆర్ కోడ్ తీసిపెట్టుకోండి. మేం కౌంటర్ దగ్గర నిలబడి నింపాం, వెనకవాళ్ళ చూపులు మర్చిపోలేను.

మొదటి రోజు తమ్ముడు మమ్మల్ని చిన్న హోటల్‌కి తీసుకెళ్ళి తోర్తాంగ్ తలోంగ్ చెప్పాడు. వంకాయని నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, గుడ్డులో ముంచి అట్టులా వేస్తారు. "ఇది మన కాల్చిన వంకాయే కదరా" అని అమ్మ సంబరంగా తింది. పక్కన ఎర్రటి సాసు పెట్టారు, అద్దుకుంది, ఆగింది. టమాటా పులుపు లేదు, తియ్యగా ఉంది, చివర్లో వెనిగర్ ఘాటు. "అమ్మా, అది అరటిపండు కెచప్" అన్నాడు వాడు. ఇక్కడ వేపుడు కోడి మొదలుకొని స్పగెట్టీ దాకా అన్నిట్లో ఇదే. అమ్మ నమ్మకపోతే సూపర్‌మార్కెట్‌కి తీసుకెళ్ళి సీసా వెనక చదివి వినిపించాం: అరటిపండు, పంచదార, వెనిగర్, ఉప్పు, మసాలాలు, రంగు. రంగు ఎందుకంటే అరటి గుజ్జు ఉడికితే గోధుమరంగుకి వస్తుంది, కెచప్ అంటే ఎర్రగా ఉండాలి కదా. వాడేది సబా అనే రకం, మన బొంత అరటిలా పొట్టిగా, పలకలు పలకలుగా ఉంటుంది.

అక్కడ పట్టుకుంది నాకు పిచ్చి. దీన్ని కనిపెట్టింది ఎవరు అని అడిగితే తమ్ముడు, "మనం బస చేసిన హోటల్ పక్క వీధి పేరు చూడలేదా అక్కా?" అన్నాడు. ఆ వీధి పేరు మరియా ఒరోసా.

ముందు బస సంగతి చెప్తా. మేం దిగింది మనీలాలోని ఎర్మితా, మలాతె పేటల మధ్యలో, రాత్రికి 2,300 పెసోలు (పెసో అంటే సుమారు రూపాయిన్నర). గది శుభ్రంగానే ఉంది కానీ కిటికీ తెరిస్తే ఎదురుగా గోడ, ఏసీ రాత్రంతా ట్రాక్టర్‌లా మోత. అయినా మళ్ళీ వెళ్తే అదే పేటలో దిగుతా. ఎల్‌ఆర్‌టీ రైలు స్టేషన్ నడిచేంత దూరం, పక్కనే పెద్ద మాల్, రెండు మూడు ఇండియన్ హోటళ్ళు కూడా ఉన్నాయి, పెద్దవాళ్ళతో వచ్చినప్పుడు అది చాలా పెద్ద విషయం. మకాతిలో గదులు బాగుంటాయి, డబ్బూ ఎక్కువే, కానీ మేం చూడాలనుకున్నవి అక్కడ లేవు. రాత్రి పొద్దుపోయాక మాత్రం మలాతె సందుల్లో ఒంటరిగా తిరగొద్దు. గ్రాబ్ యాప్‌లో కారు పిలుచుకోండి, బేరం గొడవ ఉండదు.

ఒరోసాది తాల్ అనే ఊరు, బతాంగాస్ రాష్ట్రంలో. 1916లో అమెరికా వెళ్ళి సియాటిల్‌లో కెమిస్ట్రీ చదివింది, సెలవుల్లో అలాస్కా చేపల క్యానింగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసింది. 1922లో తిరిగొచ్చి ప్రభుత్వ సైన్స్ సంస్థలో చేరి, బయటినుంచి ఓడల్లో వచ్చే డబ్బా తిండి బదులు సొంత నేల మీద పండేవాటితోనే ఏమేం చెయ్యొచ్చు అని ప్రయోగాలు మొదలుపెట్టింది. అరటిపండు కెచప్ అలా వచ్చిందే. కరెంటు లేని ఇళ్ళకోసం మట్టికుండతో ఓవెన్ చేసింది. సోయాతో ఒక పొడి, తవుడుతో బిస్కెట్లు కూడా. తవుడులో బి1 విటమిన్ ఉంటుంది, అది బెరిబెరి రోగానికి మందు. "తవుడు మనం గేదెకి పెట్టాం" అంది అమ్మ, కాసేపు ఏమీ మాట్లాడలేదు. రెండో ప్రపంచయుద్ధంలో, జపాన్ వాళ్ళ ఆక్రమణలో ఆమె గెరిల్లాల్లో చేరి కెప్టెన్ అయింది. శిబిరాల్లో ఆకలితో ఉన్న ఖైదీలకి ఈ పొడులే దొంగచాటుగా చేరవేశారు. 1945 ఫిబ్రవరి 13న, మనీలా కోసం యుద్ధం జరుగుతుంటే, గుండు ముక్కలు తగిలి మలాతెలోని రెమెదియోస్ ఆసుపత్రికి చేర్చారు, ఆ ఆసుపత్రి మీదా గుండ్లు పడ్డాయి. అక్కడే చనిపోయింది, ఆ ఆవరణలోనే పాతిపెట్టారు. ఇప్పుడక్కడ మలాతె కాథలిక్ స్కూలు ఉంది. 2020లో ఆమె పేరున్న సమాధి రాయి ఆ స్కూల్లోనే బయటపడింది. బడి నడిచే వేళ, లోపలికి వెళ్ళే ప్రయత్నం చెయ్యలేదు, బయటే నిలబడి ఎదురుగా ఉన్న మలాతె చర్చిలోకి వెళ్ళి కూర్చున్నాం. టికెట్ లేదు, తోసుకోవడం లేదు. మనీలాలో నాకు బాగా నచ్చిన గంట అదే.

అయితే సీసాలో పోసి అమ్మింది ఆమె కాదు, మగ్దాలో ఫ్రాన్సిస్కో అనే ఆయన. తన పేరులోంచే ముక్కలు తీసి "మఫ్రాన్" అని బ్రాండ్ పెట్టుకుని 1942లో రిజిస్టర్ చేయించాడు. టమాటా దొరకని యుద్ధకాలం, గిరాకీకి లోటేముంది. 1960లో డబ్బున్న వాళ్ళతో కలిసి యూనివర్సల్ ఫుడ్ కార్పొరేషన్ పెడితే (ఇప్పుడు ప్రతి టేబుల్ మీదా కనిపించే యూఎఫ్‌సీ అదే) ఆయన్ని నెలకి 300 పెసోలకి చీఫ్ కెమిస్ట్‌గా పెట్టుకుని, కొన్నాళ్ళకే బయటికి పంపారు. ఫార్ములా మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు. కేసు సుప్రీంకోర్టుదాకా పోయి 1970లో బ్రాండూ ఫార్ములా ఆయనకే తిరిగివ్వాలని తీర్పొచ్చింది. ఆ రికార్డు ప్రకారం ఫార్ములా ఆయన 1938లో కనిపెట్టినట్టు. మరి ఒరోసా? వంటింట్లో పుట్టించింది ఆమె, బజారుకెక్కించింది ఆయన అని నా లెక్క. తమ్ముడు ఒప్పుకోడు. తమాషా ఏంటంటే ఈ కేసు నడిచిన అప్పీళ్ళ కోర్టు ఇవాళ ఉన్నది మరియా ఒరోసా వీధిలోనే.

ఇక తాల్. ఇక్కడ మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. హోటల్ లాబీలో దొరికిన ఒక టూర్ వాళ్ళతో "తాల్ వెళ్ళాలి" అన్నాం, తలూపారు, ముగ్గురికీ కలిపి 6,000 పెసోలు. పొద్దున్నే తీసుకెళ్ళి టగాయ్‌టాయ్ కొండ మీద దింపి, అదిగో తాల్ అని సరస్సులో అగ్నిపర్వతాన్ని చూపించారు! తాల్ అగ్నిపర్వతం వేరు, తాల్ ఊరు వేరు. ఊరు ఒకప్పుడు సరస్సు ఒడ్డునే ఉండేదట, 1754 పేలుడు తర్వాత ఇప్పుడున్న చోటికి మారింది. గొడవపడితే డబ్బు తిరిగివ్వలేదు, దృశ్యం బాగుందని మమ్మల్ని మేమే ఓదార్చుకున్నాం.

మర్నాడు మనీలాలో బువెందియా అనే చోట, తాల్ పక్క ఊరైన లెమెరీకి బస్సెక్కాం, మనిషికి 200 పెసోలు పైచిలుకు, ఏసీ ఉంది, ట్రాఫిక్‌తో కలిపి మూడు గంటలు దాటింది. లెమెరీ నుంచి జీప్నీలో (అక్కడి షేర్ జీపు) పది నిమిషాలు. టూరు ఖర్చులో నాలుగో వంతు కూడా కాలేదు. ఊరు చూడగానే టెన్షన్ అంతా పోయింది. పెంకుటిళ్ళు, సముద్రపు గవ్వ పలకలు బిగించిన కిటికీలు, మధ్యలో కొండంత సెయింట్ మార్టిన్ బసిలికా. గంట గోపురం మెట్లు ఇరుకు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు కింద ఆగిపోవడమే మేలు, అమ్మ ఆగిపోయింది. మేం దిగింది ఓ పాత ఇంట్లో, పైన మూడు గదులు, బాత్రూం ఉమ్మడి, వేడి నీళ్ళు అడిగితే బకెట్లో తెచ్చిచ్చారు. ఇంటావిడ పొద్దున్నే అన్నం, గుడ్డు, బరాకో కాఫీ పెట్టింది. ఆ కాఫీ మన ఫిల్టర్ కాఫీ తాగేవాళ్ళకి నచ్చి తీరుతుంది, ముదురు వాసన. నాకు మనీలా గదికన్నా ఇదే పదిరెట్లు నయం, అమ్మకి మాత్రం ఉమ్మడి బాత్రూం మింగుడుపడలేదు.

ఊళ్ళో అందరూ చూపించేది మార్సెలా అగోన్సిల్యో ఇల్లు. దేశపు మొదటి జెండా కుట్టింది ఆవిడే మరి. ఒరోసా గురించి అడిగితే ఇంటావిడ "మా ఊరి పిల్లే" అని వంటింట్లోంచి సీసా తెచ్చి చూపించింది, అంతే. మార్కెట్లో వెల్లుల్లి దట్టించిన లోంగనీసా సాసేజ్‌లు వేలాడుతుంటాయి, పంది మాంసం, తినేవాళ్ళు వదలకండి. అమ్మ ఆకులో చుట్టిన జిగురు అన్నం సుమాన్, పనుచా తింది. పనుచా అంటే అచ్చం మన పల్లీ పట్టీయే, గుండ్రంగా ఉంటుంది.

అరటిపండు కెచప్ కొనాలంటే మాల్‌లో కొనండి, చిన్న సీసా 40 పెసోల లోపే. అమెరికాలో ఉన్నవాళ్ళు దీన్ని కెచప్ పేరుతో వెతక్కండి, అక్కడి రూల్ ప్రకారం కెచప్ అంటే టమాటాదే కాబట్టి "బనానా సాస్" అని రాస్తారు. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టాలి. మూడు సీసాలు కొన్నా. రెండు ఇంటికొచ్చాయి, మూడోది అమ్మ దారిలో తినొచ్చని హ్యాండ్‌బ్యాగులో దాచి మనీలా ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ బల్ల మీద వదిలేసి వచ్చింది.