చలికాలం ముందు గీజర్ సర్వీసింగ్: పని బాగుంది, ముగింపే హడావుడి

విశాఖలో ఎంవీపీ కాలనీ వైపు ఇంటికొచ్చి చేసే సర్వీసింగ్ ఇది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో గీజర్ లోపల నీళ్లు కాచే ఎలిమెంట్ మీద సున్నం గట్టిగా పేరుకుంటుంది. 15 లీటర్ల, 2 కిలోవాట్ల గీజర్‌కి నీళ్లు 25 నుంచి 60 డిగ్రీలకు రావడానికి 20 నిమిషాలు చాలు. అరగంట దాటుతోందంటే సర్వీసింగ్‌కి వేళయినట్టే.

ఎలిమెంట్‌ని స్క్రూడ్రైవర్‌తో గోకలేదు, అందుకు మెచ్చుకోవాలి. గోకితే పైగొట్టం దెబ్బతింటుంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మఉప్పు కలిపి, అందులో నానబెట్టి బ్రష్‌తో కడిగారు. ట్యాంకుకి బదులు తను అరిగే మెగ్నీషియం రాడ్, లోపలి తీగ బయటపడేంతగా అరిగిపోవడంతో కొత్తది వేశారు. అరిగిన రాడ్‌ని అలాగే వదిలేస్తే తుప్పు ట్యాంకుని తినడం మొదలెడుతుంది.

నీళ్లు కారకుండా ఎలిమెంట్ దగ్గర వేసే గాస్కెట్ పాతదే మళ్లీ బిగించబోయారు. అడిగి మరీ కొత్తది వేయించుకోండి, లేకపోతే అక్కడే కారుతుంది. సముద్రపు గాలికి తుప్పెక్కిన బోల్టులు కూడా మార్పించాలి. స్విచ్ వేసేముందు వేడినీళ్ల కొళాయి తిప్పి, గాలి పోయి ధార నిలకడగా వచ్చేదాకా ఆగాలి. ట్యాంకు ఖాళీగా ఉంటే ఎలిమెంట్ మాడిపోతుంది. ట్యాంకులో ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ మీట ఎత్తి చూడకుండానే బిల్లు రాసేశారు. అందుకే ఐదుకి మూడున్నర.