ఆటగాడి సొంత సంగతి తెలిసింది: వేసేయాలా, ఆగాలా, సగమే చెప్పాలా?

కాలేజీ ఆటగాడి ఇంటి సంగతో ఒంటి సంగతో విలేకరి చెవిన పడుతుంది. ఆరా తీస్తే నిజమేనని తేలుతుంది. వేయాలా, వద్దా? అమెరికాలో కాలేజీ క్రీడలు రాసే డెస్కుల్లో ఈ ప్రశ్న ప్రతి సీజన్‌లోనూ లేస్తుంది. ఆటగాళ్లు తమ పేరునూ బొమ్మనూ అమ్ముకోవడానికి 2021 జులై 1 నుంచి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ ఒప్పుకున్నాక ఇంకో మాట తోడైంది: "డబ్బు తీసుకుంటున్నారు కదా, ఇంకా గోప్యత ఏమిటి?" ఎడిటర్ ముందున్న దారులు నాలుగు. ఉన్నదున్నట్టు వేసేయడం. ఆటగాడు తానుగా చెప్పేదాకా ఆగడం. ఫలితం చెప్పి కారణం వదిలేయడం. పేరు తీసేసి రాయడం.

చట్టమే తేల్చేస్తుందనుకునేవాళ్లు చాలామంది. తేల్చదు. 1974 నాటి ఫెర్పా అనే చట్టం విద్యార్థుల రికార్డులను కాపాడమని కాలేజీలను కట్టడి చేస్తుంది. 1996 నాటి వైద్య గోప్యత చట్టం హిపా ఆసుపత్రులకూ బీమా సంస్థలకూ వర్తిస్తుంది. రెండూ పత్రికల జోలికి రావు. పైగా జట్టు సభ్యుల ఎత్తూ బరువూ బయటపెట్టదగిన వివరాలేనని ఫెర్పాయే ప్రత్యేకంగా చెబుతుంది. మేరీలాండ్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆరుగురు తమ చదువు వెనకబాటును పత్రికలు బయటపెట్టాయని కోర్టుకెళ్తే, 1979లో తీర్పు పత్రికల వైపే వచ్చింది. మార్కులు తగ్గితే ఆడే అర్హత పోతుంది కాబట్టి అది జనానికి సంబంధించిన విషయమేనన్నారు. అదే యూనివర్సిటీ ఆటగాళ్ల పార్కింగ్ జరిమానాలు విద్యా రికార్డుల కిందకు రావని 1998లో ఆ రాష్ట్ర అత్యున్నత కోర్టు తేల్చింది. అంటే నిజం రాస్తే కోర్టులో గెలిచే అవకాశం విలేకరికే ఎక్కువ. అందుకే చట్టాన్ని అడ్డం పెట్టుకుని నిర్ణయం తీసుకోవడం పనికిరాదు. రికార్డు చేతికి రావడం వేరు, దాన్ని అచ్చేయడానికి న్యాయమైన కారణం ఉండటం వేరు అని అమెరికా పాత్రికేయ సంఘం నియమావళి కూడా చెబుతుంది.

మొదటి దారి, ఉన్నదున్నట్టు వేసేయడం. ఇది సరైన చోట్లున్నాయి. పోలీసు కేసు నమోదైంది, ఇతరుల భద్రతకు ముప్పుంది, లేదా యూనివర్సిటీయే ఏదో దాస్తోంది అన్నప్పుడు ఆగడం తప్పు. నార్త్ కరోలైనా యూనివర్సిటీలో పాఠం చెప్పకుండానే మార్కులిచ్చిన క్లాసులు పద్దెనిమిదేళ్లు నడిచాయి. వాటిలో 3,100 మందికి పైగా విద్యార్థులు ఉన్నారని 2014 అక్టోబరు నివేదికలో తేలింది. అంతటి కథను కూడా ఏ ఒక్క విద్యార్థి మార్కుల జాబితా అచ్చేయకుండానే రాయొచ్చు. తప్పు చేసిన విభాగం ఏది, ఎవరు చూసీచూడనట్టు వదిలేశారు, ఏ ఏడాది ఎన్ని క్లాసులు అన్నది చాలు. విద్యార్థి పేరు చేర్చితే వార్త బలపడదు, దృష్టి మళ్లుతుంది.

కేసుల విషయంలో తప్పు జరిగేది ఎక్కువగా మొదటి రోజు కాదు, తర్వాతే. 2006లో డ్యూక్ యూనివర్సిటీలో లక్రాస్ అనే బంతి ఆట ఆడే జట్టు మీద ఆరోపణలొచ్చినప్పుడు ముగ్గురి మీద కేసులు పెట్టారు. జట్టు మొత్తం ఎలాంటివాళ్లన్న దాని మీద నెలల తరబడి రాతలు నడిచాయి. 2007 ఏప్రిల్ 11న రాష్ట్ర అటార్నీ జనరల్ కేసులు కొట్టేస్తూ వాళ్లు నిర్దోషులని చెప్పారు. కేసు నడిపిన జిల్లా ప్రాసిక్యూటర్ ఆ ఏడాదే న్యాయవాద పట్టా పోగొట్టుకున్నాడు. కాబట్టి అరెస్టు వార్త వేసే డెస్కు మూడు పనులు చేయాలి. ఆటగాడు కాని విద్యార్థి మీద ఇదే కేసుంటే వేస్తామా అని ముందు అడగాలి. ఆరోపణ వరకే ఉండాలి, ఇంటి పుట్టుపూర్వోత్తరాలు తవ్వకూడదు. కోర్టు వాయిదా తేదీ క్యాలెండర్లో రాసుకుని, కేసు వీగిపోతే మొదటి వార్త ఎక్కడ వచ్చిందో అక్కడే, అంతే పెద్దగా వేయాలి. మూడోది చేయలేని పత్రిక మొదటి వార్త వేయకపోవడమే నయం.

రెండో దారి ఆగడం. మైకేల్ శామ్ ఉదాహరణ చాలామందికి గుర్తుంటుంది. మిజోరి యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఆడుతూ, తాను స్వలింగ సంపర్కుడినని 2013 ఆగస్టులోనే సహచరులకు చెప్పాడు. యూనివర్సిటీ పట్టణంలో పత్రికల వాళ్లకు కూడా తెలుసు. ఎవరూ వేయలేదు. 2014 ఫిబ్రవరి 9న అతనే ఈఎస్‌పీఎన్‌కూ న్యూయార్క్ టైమ్స్‌కూ చెప్పుకున్నాడు. అప్పటిదాకా ఆగిన విలేకరులకు స్కూప్ పోయింది. అదే ఈ దారికి చెల్లించాల్సిన ధర, ముందే ఒప్పుకుని దిగాలి.

ఆగడంలో అంతగా కనిపించని చిక్కు ఒకటుంది. ఆటగాడు ఒప్పుకున్నాడు కదా అని నిర్ధారణ మానేస్తారు. నోటర్‌డామ్ ఆటగాడు మాంటై టియో ప్రియురాలి మరణ కథ 2012 సెప్టెంబరు నుంచి దేశమంతా తిరిగింది. సంతాప ప్రకటనతోనో, ఆమె చదివిందన్న స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీతోనో నిర్ధారించుకోకుండానే వేసేశారు. 2013 జనవరి 16న డెడ్‌స్పిన్ అనే క్రీడా వెబ్‌సైట్ అవన్నీ వెతికి, అలాంటి మనిషే లేదని బయటపెట్టింది. లేని ప్రియురాలిని ఉన్నట్టు నమ్మించిన ఆ మోసంలో చిక్కుకుంది ఆటగాడే, నవ్వులపాలైందీ అతనే. కన్నీటి కథ కూడా సొంత జీవితం మీద రాతే. పొగడ్త కదా అని జాగ్రత్త సడలించకూడదు.

ఒప్పుకోలు అంటే ఏమిటో కూడా తేల్చుకోవాలి. యూనివర్సిటీ మీడియా విభాగం ఇంటర్వ్యూ కుదిర్చితే అది యూనివర్సిటీ ఒప్పుకోలు, ఆటగాడిది కాదు. ఓడిన పది నిమిషాలకు మైకు ముందు జారిన మాట కూడా అంతే. ఏ విషయం, ఎవరి పేర్లు, ఏ ఫొటో, ఎప్పుడు వస్తుంది అనే నాలుగూ చెప్పి అడగాలి. సున్నితమైన మాటలు ప్రచురణకు ముందు ఒకసారి చదివి వినిపించాలి.

మూడో దారే నా దృష్టిలో చాలావాటికి సరైనది: ఫలితం రాయాలి, కారణం అతనికే వదలాలి. టికెట్ కొన్నవాడికి తెలియాల్సింది శనివారం ఆడతాడా లేదా అన్నదే. మోకాలా, మనసా, అమ్మ ఆరోగ్యమా అన్నది కాదు. 2018లో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేల మీద కేంద్ర నిషేధాన్ని కొట్టేశాక లోపలి కబురుకు గిరాకీ పెరిగింది. దానికి కాన్ఫరెన్సులు, అంటే కాలేజీ జట్ల కూటములు, కనిపెట్టిన మందు కూడా ఇదే. బిగ్ టెన్ అనే కూటమి 2023 నుంచి ఫుట్‌బాల్ ఆటకు రెండు గంటల ముందు ఎవరు ఆడరో, ఎవరిది సందేహమో జాబితా ఇస్తోంది. మరో కూటమి ఎస్‌ఈసీ 2024 నుంచి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజూ ఇస్తోంది. రెండింటిలోనూ దెబ్బ ఏమిటో ఉండదు. పందెం కాసేవాళ్లకే అది చాలినప్పుడు పత్రికకు ఎందుకు చాలదు?

ఈ దారిని నేను పైన పెట్టడానికి అసలు కారణం దిద్దుకునే వీలు. ఫలితం మాత్రమే రాసిన వార్తకు రేపు కారణం చేర్చొచ్చు. ఒకసారి వేసిన కారణాన్ని వెనక్కి తీసుకోలేం. పత్రిక తన పేజీలోంచి తీసేసినా స్క్రీన్‌షాట్లు ఉంటాయి, ఇరవై ఏళ్ల మనిషి పేరు వెతికితే అదే ముందు వస్తుంది.

దీనిలోనూ లొసుగుంది. 'వ్యక్తిగత కారణాలు' అన్న రెండు మాటలు పడగానే ఊహలు మొదలవుతాయి. మందో, పోలీసు కేసో అని జనం పూరించుకుంటారు. కాబట్టి మాట ఎంపికే పని. "ఈ వారం ఆడడు, తిరిగొచ్చే తేదీ జట్టు చెప్పలేదు" అని ఆపాలి. 'అంతుచిక్కని', 'అనూహ్య' లాంటి విశేషణాలు వద్దు. క్రమశిక్షణ చర్య కాదని కోచ్ పేరు పెట్టి చెబితే ఆ వాక్యం చేర్చాలి. కానీ ప్రతిసారీ ఇలా కొట్టిపారేస్తూ పోతే, చెప్పనిరోజు అదే ఒప్పుకోలవుతుంది. అందుకని ఊహ నిజంగా వ్యాపించినప్పుడే వాడాలి.

డబ్బు తీసుకుంటున్నారన్న వాదనకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఆటగాడు ఏ విషయాన్ని అమ్మాడో ఆ విషయం మీద ప్రశ్నలడగొచ్చు. బూట్ల ప్రకటన చేసిన అమ్మాయిని ఆ ఒప్పందం గురించి ఎంతైనా నిలదీయండి. దాంతో ఆమె పెళ్లి సంగతికీ వైద్య రికార్డుకీ తాళం ఊడదు.

పేరు తీసి రాయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బాస్కెట్‌బాల్ జట్టులో సాధారణంగా పదిహేను మందే ఉంటారు. 'రెండో ఏడాది గార్డు' (గార్డు అంటే జట్టులో ఒక స్థానం) అంటే పేరు చెప్పినట్టే. పేరు చెప్పకపోగా మిగతా గార్డుల మీద కూడా అనుమానం పడుతుంది. వంద మందికి పైగా ఉండే ఫుట్‌బాల్ జట్టులో, స్థానమూ ఊరూ ఏడాదీ మూడూ తీసేస్తే కొంత పనిచేస్తుంది. పాత ట్వీట్లు తవ్వడం అయితే ఇంకా తక్కువరకం. 2018లో కైలర్ మరీ కాలేజీ ఫుట్‌బాల్ ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన రాత్రే, పద్నాలుగు పదిహేనేళ్ల వయసులో పెట్టినవి తీశారు. ఆ ధోరణి ఇప్పటికీ ఉందని రుజువుంటే తప్ప అది వార్త కాదు.

మరి మనం ఆగితే పక్క పత్రిక కారణం వేసేస్తే? మనకు కొత్త హక్కేమీ రాదు. వాళ్లు రాశారని రాయడం కూడా రాయడమే. మొదట ఆటగాడికి ఫోన్ చేయాలి, మీడియా విభాగానికి కాదు. మాట్లాడితే అతని మాటల్లోనే వేయాలి. మాట్లాడకపోతే పాత వాక్యమే ఉంచాలి. తానుగా ధ్రువీకరించాక ఒక్క వాక్యం చేర్చాలి, ఆ వాక్యాన్ని శీర్షికలోకి ఎక్కించకూడదు.