83 రెట్ల జూమ్, నాలుగు సెలైన్ సీసాలు: నికాన్ పీ900తో రెండేళ్లు

మాది తెనాలిలో మందుల షాపు. పొద్దున తొమ్మిదికి తెరిస్తే రాత్రి పదిన్నరకి షట్టర్ దించుతాం. ఆదివారం మధ్యాహ్నం నుంచి సెలవు. నా ఫొటోల పిచ్చి అంతా ఈ గంటల మధ్యే సర్దుకోవాలి. పదిన్నర దాటాక డాబా మీద చంద్రుడు, ఆదివారం సాయంత్రం పిట్టలు. పెళ్లిళ్లు తీసేవాళ్లకి, రీల్స్ చేసేవాళ్లకి ఈ రివ్యూలో పనికొచ్చేది ఏమీ లేదు, ముందే చెబుతున్నా.

కెమెరా నికాన్ కూల్‌పిక్స్ పీ900, 2015లో వచ్చిన మోడల్. లెన్సు ఊడదు, మార్చే పని లేదు. ఫోకల్ లెంగ్త్, అంటే ఎంత దగ్గరికి లాగి చూపిస్తుందో చెప్పే కొలత, 24 మి.మీ. నుంచి 2000 మి.మీ. దాకా సాగుతుంది, అంటే 83 రెట్లు. బరువు దాదాపు 900 గ్రాములు. రెండేళ్ల కిందట కోఠిలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్‌లో 21 వేలకి తీసుకున్నా.

ఆ 2000 చూసి మోసపోకండి. అది పాత ఫిలిం కెమెరా లెక్కలో చెప్పే అంకె. లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ 357 మి.మీ.లే. మరి అంత దగ్గరగా ఎలా చూపిస్తుందంటే, లోపల వెలుతురుని పట్టి బొమ్మగా మార్చే సెన్సార్ చిటికెన వేలి గోరంత కాబట్టి. ఈ కెమెరాలోని మంచీ చెడూ రెండూ ఆ గోరంత ముక్క దగ్గరే మొదలవుతాయి.

కొనేటప్పుడు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని టార్చి పట్టుకెళ్లడం. లెన్సులోకి ఏటవాలుగా వెలుతురు కొట్టి చూడాలి. బూజు ఉంటే సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. తర్వాత జూమ్ మొత్తం లాగి, ఆకాశాన్ని ఎఫ్ 8 దగ్గర, అంటే లెన్సు కంత బాగా కుదించి, తీసి చూడాలి. ఇలా ముందుకీ వెనక్కీ సాగే లెన్సులు గాలితోపాటు దుమ్మునీ లోపలికి లాక్కుంటాయి, అది నీలం మీద బూడిదరంగు మచ్చలుగా తేలుతుంది. నాకు రెండు పరీక్షల్లోనూ పాసయింది. తెలివితక్కువ పని ఏమిటంటే, షాపువాడు "ఒరిజినలే సార్" అన్న అదనపు బ్యాటరీకి 900 పెట్టడం. మూడో నెలకి కడుపు ఉబ్బి, పెట్టిన చోట నుంచి బయటికి రానంది. నకిలీ మందు అట్టని ఇంత దూరం నుంచి పట్టేసే నేను, నకిలీ బ్యాటరీ చేతిలో పెట్టుకుని కూడా పట్టలేకపోయా.

మొదటి రాత్రి సంగతి. డాబా ఎక్కి, జూమ్ చివరిదాకా లాగి, చంద్రుడి కోసం వెతికా. పది నిమిషాలు వెతికినా కనిపిస్తే ఒట్టు! అంత పెద్ద చంద్రుడు ఎటు పోయాడా అనిపించింది. విషయం తర్వాత అర్థమైంది. 2000 దగ్గర ఫ్రేములో పట్టే ఆకాశం అడ్డంగా ఒక డిగ్రీ. చంద్రుడు అర డిగ్రీ. గది తలుపుకున్న తాళంచెవి కంతలోంచి వీధిలో పోయే మనిషిని వెతకడమే. దీనికి కెమెరాలోనే మందుంది, మాన్యువల్ చదవలేదు కాబట్టి నాకు తెలియలేదు. లెన్సు పక్కన ఒక చిన్న బటన్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే జూమ్ వెనక్కి వచ్చి ఆకాశం విశాలంగా కనిపిస్తుంది, చంద్రుణ్ణి చట్రం మధ్యలోకి తెచ్చుకుని వదిలితే మళ్లీ దగ్గరికి పోతుంది. పిట్టలక్కూడా ఇదే. ఈ ఒక్క బటన్ కోసం ఆ ఇంజనీరు ఎవరో గానీ దండం పెట్టొచ్చు.

దొరికాడు సరే, నిలబడితేగా? భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి తన వెడల్పంత దూరం జరగడానికి చంద్రుడికి రెండు నిమిషాలు చాలు. పైగా నా 1,200 రూపాయల ట్రైపాడ్ దోమ వాలినా వణికేది. అక్కడ షాపు అక్కరకొచ్చింది. గడువు దాటిపోయి వెనక్కి పంపాల్సిన అరలీటరు సెలైన్ సీసాలు నాలుగు గుడ్డసంచిలో వేసి ట్రైపాడ్ మధ్య కొక్కేనికి వేలాడదీశా. రెండు కిలోల బరువు పడేసరికి కాళ్లు నేలని పట్టుకున్నాయి. సంచి ఊగకుండా అడుగు నేలకి తగిలీ తగలనట్టు ఉండాలి. పట్టీ మెడలోంచి తీసేసి, వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకోవాలి. ఈ నాలుగు పనులకి అయిన ఖర్చు సున్నా, ఫొటోలో వచ్చిన తేడా మాత్రం కెమెరా మార్చినంత.

సెట్టింగులు అడుగుతారు కదా: ఎఫ్ 6.5, ఐ.ఎస్.ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 100, షట్టర్ తెరిచి ఉండేది సెకనులో 250వ వంతు. రాత్రి కదా అని ఆటోకి వదిలేస్తే కెమెరా చుట్టూ ఉన్న నలుపు చూసి కంగారుపడి, చంద్రుణ్ణి సున్నం ముద్ద చేస్తుంది. చంద్రుడంటే మిట్టమధ్యాహ్నం ఎండలో పడున్న రాయి. రాయిని ఎండలో ఎలా తీస్తామో అలాగే తీయాలి.

ఇక తిథుల మాట. పౌర్ణమి నాడు ఫొటో తీసి, "ఇంతేనా" అని కెమెరాని తిట్టుకునేవాళ్లు చాలామంది. పౌర్ణమికి ఎండ నిలువుగా పడుతుంది, నీడలుండవు, చంద్రుడు అప్పడంలా ఉంటాడు. గుంటలు కనిపించాలంటే వెలుగూ చీకటీ కలిసే గీత కావాలి. నాకు పదిన్నర తర్వాతే తీరిక కాబట్టి శుద్ధ నవమి, దశమి నా రోజులు. సప్తమి, అష్టమి ఇంకా బాగుంటాయి గానీ నేను డాబా ఎక్కేసరికి చంద్రుడు పడమటి కొబ్బరిచెట్ల మీదికి దిగిపోయి ఉంటాడు, అంత కింద గాలి మందంగా ఉండి బొమ్మ ఉడుకుతున్న నీళ్లలా కదులుతుంది. దశమి ప్రాంతంలో కోపర్నికస్ బిలం సరిగ్గా ఆ గీత దగ్గర ఉంటుంది. దాని వెడల్పు 93 కిలోమీటర్లు. లోపలి గోడలు మెట్లుమెట్లుగా దిగడం, మధ్యలో చిన్న కొండలు, వాటి నీడ. 21 వేల కెమెరాలో, తెనాలిలో, సెలైన్ సంచి సాయంతో. పొద్దున్నే లేచేవాళ్లయితే బహుళ అష్టమికి ఐదింటికి నడినెత్తి మీద ఉంటాడు, ఆ టైమ్‌లో గాలి కూడా నిలకడగా ఉంటుంది. నాకు మాత్రం ఆ భాగ్యం లేదు.

మొన్న వినాయక చవితికి షాపు సెలవు. పూజ అయింది, కథ విన్నాం, అక్షింతలు వేసుకున్నాం. సాయంత్రం నేను ట్రైపాడ్ తీస్తుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏవండీ, ఏడాదిలో మూడు వందల అరవై నాలుగు రోజులు చాల్లేదా?" అంది. కథ విన్నవాళ్లకి దోషం లేదు కదా అంటే, "విని చూస్తే లేదు, విని మరీ ఫొటో తీసి అందరికీ పంపితే ఉంటుంది" అంది. చవితి నెలవంక అద్భుతంగా వచ్చింది. వెలుగు పడని భాగం కూడా పొగరంగులో లీలగా కనిపిస్తుంది, మన భూమి మీద పడ్డ ఎండే అక్కడికి వెళ్లి తిరిగొచ్చిన కాంతి అది. అయితే చెప్పినట్టే ఆ వారంలో ఒకాయన నేను బిల్లులో ఎమ్మార్పీ కంటే ఎక్కువ వేశానని గొడవపెట్టుకున్నాడు. వేయలేదు. ఆయన రెండు అట్టలు కొన్నాడు. ఇంట్లో మాత్రం ఈ విషయం చెప్పలేదు.

2025 సెప్టెంబరు 7 గ్రహణం అదృష్టవశాత్తూ ఆదివారం పడింది. రాత్రి పదకొండు నుంచి పన్నెండూ ఇరవై రెండు దాకా సంపూర్ణం. ఇక్కడ ఈ కెమెరా అసలు హద్దు తెలిసింది. పూర్తిగా నీడలోకి పోయాక చంద్రుడు వేల రెట్లు మసకబారతాడు, 250వ వంతు సెకను ఎటూ చాలదు. ఒక సెకను పెట్టాలి. 2000 జూమ్‌లో ఆ ఒక్క సెకనులోనే చంద్రుడు జరిగిపోయి అంచులు అలుక్కుపోతాయి. అందుకని 500కి వెనక్కి వచ్చి, ఐ.ఎస్.ఓ 800 చేసి తీశా. చిన్నగా వచ్చాడు, గింజలు గింజలుగా వచ్చాడు, కానీ ఇటుకపొడి రంగులో వచ్చాడు. మబ్బులు అడ్డం పడుతూ లేస్తూ మొత్తం మీద పనికొచ్చినవి ఆరు ఫొటోలు. జూమ్ ఉంది కదా అని చివరిదాకా లాగడం కారుకి స్పీడుంది కదా అని సందులో తొక్కడం లాంటిదే అని ఆ రాత్రి నాకు తట్టింది.

గ్రహాలకి కూడా నాలుగు మాటలు. గురుడి పక్కన నాలుగు చుక్కలు, 1610లో గెలీలియో చూసినవే, సులువుగా వస్తాయి. గురుడి మీద చారలు ఆశించొద్దు. శని వలయం 2025లో మనకి దాదాపు అంచు తిప్పి గీతలా మారింది కాబట్టి, ఈమధ్య కొన్నవాళ్లు ఏదీ వలయం అని కెమెరాని అనుమానించొద్దు. ఆటో ఫోకస్ ఇక్కడ ముందుకీ వెనక్కీ కొట్టుకుంటూనే ఉంటుంది, చేత్తో ఫోకస్ చేసుకోవాలి.

నక్షత్రాలకి, పాలపుంతకి మాత్రం ఇది వద్దు. సెన్సార్ చిన్నది, రా ఫైళ్లు (తర్వాత కంప్యూటర్లో దిద్దుకోవడానికి వీలుగా ఉండే ముడి ఫొటోలు) రావు, 15 సెకన్లు షట్టర్ తెరిచే వీలు ఐ.ఎస్.ఓ 100లోనే. మా మేనల్లుడి దగ్గర పాత డీఎస్ఎల్ఆర్, అంటే లెన్సు మార్చుకునే పెద్ద సెన్సార్ కెమెరా ఉంది, మామూలు 18-55 లెన్సుతో. కిందటి శివరాత్రికి ఇద్దరం బాపట్ల రైలెక్కి, సూర్యలంక తీరంలో ఒకే చోట రెండూ నిలబెట్టాం. వాడు 18 మి.మీ. దగ్గర 18 సెకన్లు తెరిచాడు. 500ని, మి.మీ.ని ఒకటిన్నరతో హెచ్చించి వచ్చిన దానితో భాగిస్తే చుక్కలు సాగకుండా ఎన్ని సెకన్లు ఉంచొచ్చో వస్తుందని వాడే చెప్పాడు. వాడి తెరమీద మృగశిర నిండా చుక్కలే. నా తెర పలకలా నల్లగా ఉంది. "మావయ్యా, మీది దుర్భిణి, దానికి కెమెరా అని పేరు పెట్టారు" అన్నాడు. తిట్టో పొగడ్తో తెలియలేదు గానీ నిజమే.

పిట్టల దగ్గరికొస్తే నా మాట మారుతుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువుకి శీతాకాలంలో వెళ్తే గూడబాతులు, పెయింటెడ్ స్టార్కులు చెట్లకి కాసినట్టు ఉంటాయి. అక్కడ ఇంత జూమ్ అక్కర్లేదు, 400, 600 చాలు. కాకపోతే ఎగిరే కొంగని పట్టడం దీనివల్ల కాదు. సెకనుకి ఏడు చొప్పున ఏడు ఫొటోలు టకటకా తీసి, తర్వాత కొన్ని సెకన్లు అలిగి కూర్చుంటుంది. ఆ లోపల కొంగ పెదకాకాని దాటుతుంది. కూర్చున్న పిట్టల్ని తీసుకోండి.

కూర్చున్న పిట్టకి ఇది ఏం చేస్తుందో ఒక్కటి చెబుతా. దుగ్గిరాల వైపు మా పెదనాన్నగారి పొలంలో బావి పక్కన తాటిచెట్టుంది, ఆకులకి గిజిగాడి గూళ్లు. ఆగస్టులో వెళ్లా. పాత జీన్సు కాలు కోసి రెండువైపులా కుట్టి రేషన్ బియ్యం నింపుకున్నా, దాన్ని బావి గట్టు మీద పెట్టి పైన కెమెరా ఆనించా. ట్రైపాడ్ కంటే ఇదే మేలు, నేలమీద కూర్చుని గంటలు గడపొచ్చు. నాకూ చెట్టుకీ ఇరవై మీటర్లు, జూమ్ 1200, సెకనులో 640వ వంతు. పసుపు తల మగపిట్ట వరాకు ఈనె ముక్కున కరుచుకొచ్చి, సగం అల్లిన గూడుకి తలకిందులుగా వేలాడింది. ఆ సగం గూడు హెల్మెట్టులా ఉంటుంది, కింద అడ్డంగా ఒక దూలం. ఈనె చివర ఒక కంతలో దూర్చి, తల తిప్పి అవతల వైపు నుంచి లాగి, మళ్లీ ఇవతలికి. ఇంతలో ఆడపిట్ట వచ్చి దూలం మీద వాలింది. మగది రెక్కలు టపటపలాడించి ఒకటే హడావిడి. ఆడది లోపలికి తొంగి చూసి, ఒక పోగు లాగి చూసి, వెళ్లిపోయింది. మగది కాసేపు అలాగే వేలాడి మళ్లీ ఈనె కోసం పొలంలోకి దిగింది. అప్పటిదాకా ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. దగ్గరికెళ్లి బెదరగొట్టకుండా ఇది చూడగలిగినందుకే నేను పెట్టిన 21 వేలూ తిరిగొచ్చాయి.

సూర్యుడి మీదికి మాత్రం దీన్ని తిప్పొద్దు, లెన్సు ముందు సరైన సోలార్ ఫిల్టర్ లేకుండా అసలు వద్దు. 2019 డిసెంబరు గ్రహణం నాడు పాత ఎక్స్‌రే ఫిల్ములు ఉంటే ఇమ్మని షాపుకి పదిమంది వచ్చారు. కంటికే అవి రక్షణ కాదు, కెమెరాకేం కాపు?

తేమ గురించి: మన కోస్తాలో బీరువాలో పెట్టిన లెన్సుకి బూజు ఖాయం. మాత్రల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో కెమెరాతోపాటు వేస్తా. మీ వీధిలో మందుల షాపువాణ్ణి అడగండి, ఊరికే ఇస్తాడు. అద్దాన్ని సర్జికల్ స్పిరిట్‌తో, దూదితో తుడవొద్దు.

ఐదుకి మూడున్నర ఇస్తా. రా ఫైళ్లు కావాలంటే 2020లో వచ్చిన పీ950 చూడండి, జూమ్ ఇంతే. 3000 మి.మీ. పీ1000 కూడా ఉంది గానీ 1,400 గ్రాముల పైమాటే, దానికి ఆరు సెలైన్ సీసాలు పడతాయి. నా నాలుగూ ఈ నెల డిస్ట్రిబ్యూటర్ వాపసు తీసుకుంటాడట. దశమి దాకా ఆగమని ఫోన్ చేశా.