ఏటిగట్టు మీద పరుగు: వట్టి కాళ్లా, బూట్లా?

కోనసీమలో పరుగు మొదలుపెట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఇది. 1960 రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా వట్టి కాళ్లతో గెలిచాడు. 1964లో టోక్యోలో బూట్లేసుకుని మళ్లీ గెలిచాడు. కాబట్టి చూసుకోవాల్సింది మన దారిని, మన పాదాలను.

ఖర్చు: వట్టి కాళ్లకు పైసా అక్కర్లేదు. బూట్లకు మూడు నాలుగు వేలు. 500–800 కిలోమీటర్లకు అడుగు అరిగిపోతుంది.

శ్రమ: బూట్లతో తొలిరోజే హాయిగా ఉంటుంది. వట్టి కాళ్లకు ఓపిక కావాలి. మడమ కింద మెత్త లేకపోవడంతో పాదం ముందుభాగం మీద దిగుతాం, భారం పిక్కల మీద పడుతుంది. మొదటి వారం తొందరపడి, మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది నాకు. పది నిమిషాలతో, రోజు విడిచి రోజు మొదలుపెట్టండి.

ప్రమాదం: పల్లేరు కాయ! గట్టు అంచు గడ్డిలో కనపడదు, ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. రేవుల దగ్గర గాజు పెంకులు సరేసరి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో చూసుకోండి. బూట్లతో చిక్కు వానాకాలంలో: ఒండ్రు అడుగున ముద్దలా పట్టి జారుస్తుంది. వట్టి కాళ్లయితే వేళ్లు నేలను పట్టుకుంటాయి.

తెల్లారాక తడి ఇసుక, మెత్తటి మట్టిబాట అయితే వట్టి కాళ్లే. కంకర, తారు, చీకటి, కోసిన వరి మోళ్లు ఉంటే బూట్లు. షుగర్‌తో పాదాలు తిమ్మిరెక్కేవాళ్లు మాత్రం ఎక్కడైనా బూట్లే వేసుకోవాలి. ముల్లు దిగినా వాళ్లకు తెలియకపోవచ్చు.