తొలిదశ రుమటాయిడ్ ఆర్థ్రైటిస్: నొప్పిని బట్టి మందా, లక్ష్యం పెట్టుకుని వైద్యమా? ఏది మేలు?

రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (మన రోగనిరోధక శక్తే కీళ్ల మీద దాడి చేసే కీళ్లవాతం) అని తేలిన కొత్తలో అందరూ ఏ మందు మంచిదనే అడుగుతారు. అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఈ మందుతో ఎక్కడిదాకా రావాలి? వచ్చామో లేదో ఎప్పుడు చూస్తారు?

నొప్పిని బట్టి నడిచే వైద్యం మనకు బాగా అలవాటే. "ఎలా ఉంది?" అని డాక్టరు అడుగుతారు, "పర్లేదండీ, పోయినసారి కంటే నయం" అంటాం, పాత చీటీయే కొనసాగుతుంది. చిక్కేమిటంటే, నొప్పి మాత్రకు నొప్పి తగ్గుతుంది గానీ కీలు లోపలి పొరలో వాపు మిగిలిపోవచ్చు. అది చాప కింద నీరులా ఎముక అంచుల్ని తినేస్తుంది. ఒకసారి దెబ్బతిన్న కీలును మళ్లీ మొదటిలా చేసే మందు లేదు. పైగా ఈ నష్టం చాలామందిలో మొదటి రెండేళ్లలోనే ఎక్స్‌రేలో కనబడటం మొదలవుతుంది. అందుకే తొలి నెలల్ని "చూద్దాంలే" అంటూ గడిపేయడం నాకు బాధ కలిగిస్తుంది.

లక్ష్యం పెట్టుకున్న వైద్యంలో జబ్బు తీవ్రతకు ఒక లెక్క ఉంటుంది. సీడీఏఐ అనే కొలతకు రక్తపరీక్ష కూడా అక్కర్లేదు. డాక్టరు భుజాలు, మోచేతులు, మణికట్లు, వేళ్ల కణుపులు, మోకాళ్లు కలిపి 28 కీళ్లను ఒక్కొక్కటిగా నొక్కి చూస్తారు. నాలుగు కీళ్లు నొక్కితే నొప్పి, మూడింట్లో వాపు, జబ్బు ఎంత ఉందో పదికి రోగి వేసుకున్న మార్కు 5, డాక్టరు వేసినది 4 అనుకోండి. మొత్తం 16, అంటే జబ్బు మధ్యస్థంగా రగులుతూనే ఉంది. "పర్లేదండీ" అన్న మనిషికే ఇంత రావచ్చు! చేరాల్సింది 2.8 లేదా అంతకంటే తక్కువకు, అదే రెమిషన్, అంటే జబ్బు దాదాపు అణిగిపోయిన స్థితి. ఈ 28లో పాదాలు లేవు కాబట్టి కాలివేళ్ల నొప్పి ఉంటే మీరే గుర్తుచేసి చెప్పండి.

జబ్బు చురుగ్గా ఉన్నన్నాళ్లు ఒకటి నుంచి మూడు నెలలకోసారి ఈ లెక్క చూస్తారు. మూడు నెలలకు స్పష్టమైన మెరుగు, ఆరు నెలలకు లక్ష్యం కనబడాలి. లేదంటే మోతాదైనా మారాలి, మందైనా మారాలి.

ఇందులో నిజంగా లాభముందా? 2004లో వెలువడిన గ్లాస్గో అధ్యయనం టికోరా నాకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం. 111 మందిలో సగం మందికి మామూలు వైద్యం. మిగతావాళ్లను నెలనెలా చూసి, కొలిచి, స్కోరు దిగకపోతే మందు పెంచారు. ఖరీదైన బయోలాజిక్స్ (జీవకణాల్లో తయారుచేసే ఇంజెక్షన్ మందులు) ఏవీ లేవు, ఉన్నవన్నీ పాత మందులే. 18 నెలలకు రెమిషన్‌లో ఉన్నది నెలనెలా కొలిచినవాళ్లలో 65 శాతం, మామూలు వైద్యంలో 16 శాతం. ఇంత తేడా ఉన్నాక రెంటిలో లక్ష్యం పెట్టుకున్న దారే మేలని చెప్పడానికి నేను వెనకాడను.

ఇక ఒక్క మందుతో మొదలుపెట్టాలా, మొదటినుంచే కలిపి వాడాలా? నెదర్లాండ్స్‌లో 508 మందితో జరిగిన బెస్ట్ అధ్యయనంలో నాలుగు దారులు పోల్చారు. స్టెరాయిడ్‌తోనో ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే బయోలాజిక్‌తోనో కలిపి మొదలుపెట్టినవాళ్లు త్వరగా తేరుకున్నారు, తొలి ఏడాదిలో ఎముక నష్టమూ తక్కువే. అయితే అందరినీ మూడు నెలలకోసారి కొలిచి మందు మార్చడంతో, ఏళ్లు గడిచేకొద్దీ పనులు చేసుకునే శక్తిలో నాలుగు గుంపులూ దగ్గరకొచ్చేశాయి. అందుకే ఎక్కువమందికి మెథోట్రెక్సేట్ (ఈ జబ్బును అదుపుచేసే పాత, ప్రధాన మందు)తో మొదలుపెట్టి, అవసరమైతే కొద్దికాలం స్టెరాయిడ్ కలిపి, దాన్ని త్వరగా తగ్గించేయడం సబబనిపిస్తుంది. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. గర్భం ఆలోచన ఉంటే ముందే చెప్పాలి.

అల్ట్రాసౌండ్‌లో కూడా వాపు పూర్తిగా పోయేదాకా మందు పెంచాలా అంటే, అక్కర్లేదు. నార్వేలో జరిగిన ఆర్కిటిక్ అధ్యయనంలో దానివల్ల అదనపు మేలు కనబడలేదు.

లక్ష్యాన్ని గుడ్డిగా పట్టుకోవడమూ సరికాదు. ఫైబ్రోమయాల్జియా (కీళ్ల వాపు లేకుండానే ఒళ్లంతా నొప్పులుండే జబ్బు) ఉన్నా, నిద్ర లేకున్నా, దిగులుగా ఉన్నా రోగి వేసుకునే మార్కు పెరుగుతుంది. ఒక్క కీలూ వాచకుండా స్కోరు మాత్రం పెరిగితే కొత్త మందు కన్నా ఆ కారణాన్ని వెతకడం మంచిది. పెద్ద వయసు, కిడ్నీ జబ్బు, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు ఉన్నవాళ్లకు సీడీఏఐ 10 లోపు ఉన్నా సరిపెట్టుకోవచ్చు. ఆ మాట డాక్టరూ మీరూ కూర్చుని, ముందే అనుకోవాలి. లక్ష్యం అందాక కూడా మొదట తగ్గించాల్సింది స్టెరాయిడ్‌నే. మిగతా మందుల్ని బాగుంది కదా అని సొంతంగా ఆపేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.